ఆలస్యంలో నా వాటా

కోర్టు ఉత్తరం మా ఇంటికి వచ్చి అప్పటికే పంతొమ్మిది రోజులైంది. నిన్ననే వచ్చిందని తమ్ముడితో చెప్పాను. రెండేళ్లు దాటినా ఆ మాట దిద్దుకోలేదు.

తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు. ఇక్కడ పార్సిప్పనీ ఊళ్లో మా అపార్ట్‌మెంట్‌లో కొన్నాళ్లు ఒక గదిలో అద్దెకున్న కుర్రాడు. చదువుతున్న కాలేజీ మూతబడి వీసా పోయింది. కేసు ఇమిగ్రేషన్ కోర్టుకు వెళ్లింది. ఆ తర్వాత ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఈ దేశపు పౌరురాలు కనుక, మెడికల్ రిపోర్ట్‌తో సహా కాగితాలన్నీ జడ్జి ముందు పెడితే గ్రీన్‌కార్డు వచ్చే అవకాశం ఉంది. విచారణ జరగడమే కష్టం. అప్పటికే మూడుసార్లు వాయిదా పడింది.

మనవాళ్లు ప్రాజెక్టు ఎక్కడుంటే అక్కడికి మారుతూ, ఉత్తరాలకు మాత్రం కదలకుండా ఉన్న ఎవరో ఒకరి చిరునామా ఇస్తారు. అతను వేరే రాష్ట్రంలోని షాంటిలీకి వెళ్లాక కూడా ఉత్తరాలు మా ఇంటికే వచ్చేవి. విప్పి, ఫోటో తీసి పంపడం నా పని. మూడు ఉత్తరాలూ వాయిదాలే. నాలుగోది కూడా అంతేలే అనుకుని, విప్పకుండా, కిరాణా కూపన్లు దాచే సొరుగులో పడేశాను. ఒక ఆదివారం విప్పి చూస్తే, అనుకున్నదానికంటే ఎనిమిది నెలల ముందే పిలిచారు. విచారణ నాలుగు రోజుల్లో ఉంది.

పంపిన తేదీ కనబడకుండా కాగితం మడిచి ఫోటో తీశాను.

“నాలుగు రోజుల్లో మెడికల్ రిపోర్ట్ ఎట్లా వస్తదన్నా? డాక్టర్ అపాయింట్‌మెంటే దొరకదు.”

“నిన్ననే వచ్చిందిరా. వాళ్ల సంగతి తెలిసిందేగా.”

రిపోర్టు లేకుండానే వెళ్లాడు. జడ్జి ఇంకో తేదీ ఇచ్చారు, రెండేళ్ల తర్వాతిది. అందరం కోర్టును తిట్టుకున్నాం. ఎక్కువ తిట్టింది నేనే. ఆ పెద్ద ఆలస్యంలో నా పంతొమ్మిది రోజులు ఎవరికీ కనబడలేదు.

దేశం దాటితే కేసు పోతుందని, ఊళ్లో జరిగిన తన చెల్లెలి పెళ్లిని మా ఇంటికొచ్చి హాల్లో కూర్చుని వీడియో కాల్‌లో చూశాడు. సరిగ్గా తలంబ్రాల దగ్గర కాల్ కట్ అయింది. “ఇది కూడా వాయిదా వేసిన్రన్నా” అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఈ వేసవిలో విచారణ జరిగింది. నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. ఇరవై నిమిషాల్లో జడ్జి గ్రీన్‌కార్డు మంజూరు చేశారు. బయటికి రాగానే అతని భార్య వరండాలో బెంచీ మీద కూలబడింది.

“ఇంక డేట్ రాదు కదా అన్నా? రియల్‌గా అయిపోయిందా?”

“అయిపోయిందమ్మా” అన్నాను. ఆ మాట అన్నాక నాకూ ఊపిరి ఆడింది.

కార్‌లో అతను చెల్లెలికి ఫోన్ చేశాడు. “ఆ రోజు అన్న చెప్పకపోతే నేను కోర్టుకే పోకపోతుంటి, కేసే పోతుండె. అన్నకు థ్యాంక్స్ చెప్పు” అంటూ ఫోన్ నా ముందు పెట్టాడు.

తర్వాత చేస్తానమ్మా అని పెట్టేసి, కారు పక్కకు ఆపాను. సొరుగు గురించి, మడిచిన కాగితం గురించి, అంతా చెప్పాను. అతను ఫోన్ జేబులో పెట్టుకుని, తన పక్క అద్దం కిందికి దించాడు.

“ఇయ్యాల తిట్టబుద్ధి గాదన్నా. రేపు తిడత.”

“తిట్టు. నీ రెండేళ్లు పోయింది నా బద్ధకంవల్ల, ఆ తర్వాత నా అబద్ధంవల్ల. చెల్లెలి పెళ్లికి నువ్వు లేకుండా చేసింది నేను. నన్ను క్షమించు తమ్ముడూ.”