ఇంకాస్త తగ్గిద్దాం

"…నీకు మార్కులొస్తే చాలు, నాకు చాలదు" అంటోంది నర్సు. "సారు బేరం ముందు మనమెంతక్కా? ఏనుగునిస్తామన్నా తోక చాలంటాడు" అని నవ్వింది ఆమెతో జట్టుగా ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయి. ఆన్‌లైన్ క్లాసులోకి సారు ముందే వచ్చేసిన సంగతి ఇద్దరూ గమనించలేదు. ఉద్యోగాలు చేసుకుంటూ ఆన్‌లైన్‌లో చదివేవాళ్లకు పరిశోధనాంశం కుదిర్చిపెట్టడం ఆయన పని. ఎవరేం చెప్పినా కళ్లజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, బొటనవేలూ చూపుడువేలూ కెమెరా ముందు దగ్గరగా తెచ్చి, "ఇంకాస్త తగ్గిద్దాం" అంటాడు. చావు దగ్గరపడ్డ రోగికి ఆ మాట ఎవరు చెప్పాలన్నది నర్సు మొదట తెచ్చిన ప్రశ్న. తగ్గించి తగ్గించి దాన్ని, బంధువులను వార్డులోకి పంపే సమయాల దగ్గరికి తెచ్చాడాయన. ఇవాళ అది ఖాయం కావాలి.

"ఓ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని అడిగాడే, 'నేనింక ఇంటికి వెళ్లనా అమ్మా' అని. సెలైన్ చూడాలని చెప్పి తప్పించుకున్నాను. అందుకే కదా ఈ చదువులో చేరింది" అంది నర్సు. ఆయన కళ్లజోడు తీశాడు గానీ తుడవలేదు. ప్రశ్న పెద్దదని కాదు తగ్గించింది. సమయాల మీద వ్యాసాలు తన దగ్గర సిద్ధంగా ఉన్నాయి, దిద్దడం తేలిక. అది తగ్గించిన రోజే ఆయనకు తెలుసు.

చిన్నగా దగ్గాడు. "నమస్తే సార్, మీరన్నదే ఖాయం చేశాం" అంది నర్సు, ముఖం సర్దుకుని. అలవాటుగా లేచిన వేళ్లను ఆయన బల్ల కిందికి దించుకున్నాడు.

"వద్దమ్మా. రోగి ఆ మాట అడిగినప్పుడు నర్సులు ఏం చెబుతున్నారు? మీ అంశం అదే. ఇవాళే ఆమోదానికి పంపుతున్నాను."