లోకనాథం అన్న చెయ్యి

నిన్న పొద్దున్న ఇడ్లీ ప్లేటు ముందు కూర్చున్నాను. ఫోన్ మోగింది. లోకనాథం అన్న కూతురు సుజాత.

"బాబాయ్, నాన్న లెగట్లేదు. నాకు బయమేస్తంది. బేగి రా."

ప్లేటు అక్కడే వదిలేసి లేచాను.

మా ఇంటి నుంచి వాళ్లింటికి స్కూటర్ మీద పది నిమిషాలు. బరంపురం ట్రాఫిక్‌లో ఎలా వెళ్లానో తెలీదు. దారంతా ఒకటే అనుకున్నాను, వాళ్ల గుమ్మం దగ్గర జనం ఉండకూడదు అని.

ఉన్నారు. చెప్పులు మెట్ల కింద దాకా ఉన్నాయి.

మీలో చాలామందికి ఆయన కౌబాయ్ లోకనాథం.

మిల్లు ఆఫీసులో గుమస్తా. సాయంత్రాలు నాటకాలు. అలాంటి మనిషికి లోకల్ ఛానల్ వాళ్లు టోపీ పెట్టి, బూట్లు తొడిగి, ఒడియాలో కౌబాయ్ సీరియల్ తీశారు. సముద్రం పక్క ఇసుక దిబ్బలు, జీడితోటలు, అదే మా అమెరికా. ఆయన హీరో. నేను వారానికో మీసం మార్చుకుని ఆయన చేతిలో చచ్చే దొంగని.

గుర్రం మాత్రం పెళ్లి ఊరేగింపుల గుర్రం. బాణాసంచాకి అలవాటు పడింది కాబట్టి తుపాకీ చప్పుడుకి బెదరదని తెచ్చారు. అది బెదరలేదు.

అన్న బెదిరాడు.

ఇన్నేళ్లూ ఈ మాట ఎక్కడా రాయలేదు. ఆయనకి గుర్రమంటే చచ్చేంత భయం. షాట్ ముందు నా మణికట్టు పట్టుకునేవాడు. వేళ్ల అచ్చులు పడిపోయేవి.

"తమ్ముడూ, నాను పడిపోతే మా సుజాతని సూసుకుంటావు కదా?"

రోజూ అదే ప్రశ్న. మొదట్లో నవ్వేవాడిని. ఒకరోజు గుర్రం నిజంగానే జీడితోటలోకి పరిగెత్తింది. కొమ్మ తగిలి అన్న వెల్లకిలా పడ్డాడు. కాసేపు కళ్లు తెరవలేదు. ఆ రోజు నుంచి నవ్వడం మానేశాను.

మర్నాడు మళ్లీ ఎక్కాడు. వణుకుతూనే ఎక్కాడు.

ఆ వణుకుతో క్లోజప్ కుదిరేది కాదు. డైరెక్టర్ ఒక ఉపాయం కనిపెట్టాడు. తుపాకీ లాగే చెయ్యి దగ్గరగా చూపించాలంటే అన్న చొక్కా నాకు తొడిగేవాడు. మీరు చూసి విజిల్ వేసిన ఆ చెయ్యి నాది. రెండేళ్ల పాటు నన్ను నేనే కాల్చుకున్నాను అన్నమాట.

సంగతి మా ముగ్గురికే తెలుసు. సీరియల్ ఆగిపోయాక అన్నకి మిగిలింది ఆ పేరొక్కటే. దసరా స్టేజీల మీద "భయమంటే ఎరగని లోకనాథం" అని మైకులో పిలిచేవారు. రెండు చేతులూ నడుం మీద గట్టిగా నొక్కిపెట్టి నిలబడేవాడు. జనం అది స్టైల్ అనుకునేవారు.

ఆ తర్వాత ఒక ఏడాది, తుఫాను హెచ్చరిక.

మా అమ్మ సముద్రం ఒడ్డున మా ఊరు మార్కండిలో ఉంది. పొద్దున్నే వెళ్లాను. లారీలు వచ్చి జనాన్ని ఎక్కిస్తున్నాయి. అమ్మ గుమ్మంలోంచి కదలదు.

"మీ నాన్న పడవ ఇక్కడుంది. నానెక్కడికీ రాను. ఇలాటి గాలులెన్ని సూసినాను."

ఆవిడ కదిలితేగాని వీధిలో మరో నలుగురు ముసలమ్మలు కదలరు. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. మధ్యాహ్నానికే ఆకాశం నల్లగా అయిపోయింది. సముద్రం చప్పుడు మారింది. ఆఖరి లారీ హారన్ కొడుతోంది.

అప్పటికే అన్నకి ఫోన్ చేసి ఉన్నాను. ఏం చెయ్యగలడని చేశానో నాకే తెలీదు.

స్కూటర్ మీద వచ్చాడు. ఊళ్లో గుర్తుపట్టాలని ఆ టోపీ పెట్టుకుని, ఎగిరిపోకుండా తువ్వాలుతో గడ్డం కింద కట్టుకుని.

అమ్మ చూసి నవ్వింది. "నువ్వు టీవీలో గుర్రమెక్కినోడివి కదేటి బావూ. నీకేటి బయం?"

అన్న టోపీ తీసి మట్టిలో ఆవిడ పక్కన కూర్చున్నాడు. చెయ్యి చాపాడు.

"సూడమ్మా."

చెయ్యి ఆకులా వణుకుతోంది.

"గుర్రమెక్కినప్పుడల్లా ఇలాగే వణికీది. టీవీలో తుపాకీ పట్టిన సెయ్యి నాది కాదు, నీ కొడుకుది. అడుగు. ఇప్పుడు కూడా బయమేస్తంది. ఆ బయంతోటే ఇంత దూరం వచ్చినాను. బయపడితే తప్పేటి? లెగు, ఎల్దాం."

వీధంతా విన్నది. ఎవరూ నవ్వలేదు.

అమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను. ఆవిడ అన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకుని లేచింది. వెనక ఆ నలుగురూ లేచారు.

లారీ దింపిన స్కూల్ బిల్డింగ్‌లో తలుపుకి బెంచీలు అడ్డం పెట్టి కూర్చున్నాం. గాలి తగ్గాక వెళ్లి చూస్తే అమ్మ కూర్చున్న గుమ్మం లేదు. గోడా లేదు.

ఊరు బతికింది గానీ అన్న పేరు బతకలేదు. బరంపురం దాకా మాట పాకింది. "పిరికి కౌబాయ్" అని వెనక నుంచి అరిచేవారు. ఆ దసరాకి స్టేజీ పిలుపులు ఆగిపోయాయి. బాధపడ్డాడు, నాకు తెలుసు. ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు.

అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఎప్పుడు వెళ్లినా "ఆ వణికీ బావు ఎలాగున్నాడు" అని అడిగేది.

నిన్న అందరూ దండలు వేస్తున్నారు. దగ్గరికి వెళ్లాలంటే భయం వేసింది. వెళ్లి అన్న చెయ్యి పట్టుకున్నాను.

వణకలేదు.

ముప్పై ఏళ్లలో మొదటిసారి. అప్పుడు తెలిసింది నాకు, నిజంగా పోయాడని. నా చెయ్యి వణకడం మొదలైంది. ఇది టైప్ చేస్తుంటే ఇంకా వణుకుతోంది.

అన్నా, ఇంక నిన్నెవరూ గుర్రం ఎక్కమనరు. నిశ్చింతగా పడుకో.

సుజాతని నేను చూసుకుంటాను.