ఏడు గంటల బస్సు

మా నాన్నను బస్టాండులో అందరూ "ఐదు నిమిషాలు" అని పిలిచేవారు. ఆ పేరు పెట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ పేరు రావడానికి కారణమైన ఇద్దరు ఓనర్లను తలచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

మిల్లుకు వెళ్లే దారిలో రెండే కంపెనీల బస్సులు తిరిగేవి. నీలం బస్సు నాన్న నడిపేవాడు. తెల్ల బస్సు మా మామయ్య, అంటే అమ్మ సొంత తమ్ముడు, నడిపేవాడు. మొదట్లో రెండూ ఉదయం ఏడింటికే బయల్దేరేవి. జనం చెరిసగం ఎక్కేవారు. బండ్లు తీసేముందు బావా బావమరుదులు టైం కీపర్ బల్ల మీద కూర్చుని ఒక టీని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగేవారు.

ఒకరోజు తెల్ల బస్సు ఓనరు తన బండిని ఐదు నిమిషాలు ముందు తీయమన్నాడు. జనమంతా అందులోనే పోయారు. మర్నాడు నీలం బస్సు ఓనరు నాన్నను పిలిచి, "వాడికంటే ఐదు నిమిషాలు ముందు తియ్యి. బండి ఖాళీగా వచ్చిందో, నీ సీటు కూడా ఖాళీ అవుతుంది" అన్నాడు. ఇక వాళ్లు ఐదు, వీళ్లు ఐదు. ఏడాది తిరిగేసరికి ఏడింటి బస్సు ఆరుంబావుకే వెళ్లిపోతోంది. మిల్లు గేటు మాత్రం ఎనిమిదికే తెరిచేవారు. జనం తాళం వేసిన గేటు ముందు గంటసేపు చలిలో వణికేవారు. ఏడింటికి స్టాండుకొచ్చినవాడికి ఒక్క బస్సూ లేదు. కంపెనీలు పోటీ పడితే జనానికి మేలని ఎవడన్నాడో గానీ, వాణ్ని ఒక్కరోజు ఆ గేటు ముందు నిలబెట్టాలి.

నాన్నకు పంతం పట్టింది. ఓనరు పోటీని తన పోటీ అనుకున్నాడు. ఒకరోజు వంతెన మలుపులో తెల్ల బస్సుకు అడ్డంగా దూరాడు. మామయ్య బండి అద్దం ఊడి రోడ్డు మీద పడింది. సాయంత్రం మామయ్య మా గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను పోయుంటే మా అక్కకి ఏం చెప్పేవాడివి బావా?"

"అంత భయమైతే వెనకాలే ఉండు" అన్నాడు నాన్న.

అంతే, నాలుగేళ్లు మాటల్లేవు. మామయ్యకు కూతురు పుడితే అమ్మ చూడటానికి వెళ్లలేదు. నాన్న వెళ్లనివ్వలేదు అనాలి.

చివరికి ఓనర్లకే చేతులు కాలాయి. ఇద్దరూ కూర్చుని హాయిగా రాజీపడ్డారు. ఇక ఏడింటికి ఒకటే బస్సు, ఒక నెల వీళ్లది, ఒక నెల వాళ్లది. టికెట్ ధర ఒకటిన్నర రెట్లు. ఎక్కకపోతే జనం ఎక్కడికి పోతారు? బస్సు ఒకటే కాబట్టి డ్రైవరూ ఒకడే చాలన్నారు. "జీతం ఎవరు తక్కువ చెబితే వాళ్లకే సీటు. పదింటికి ఆఫీసుకు రండి" అని ఇద్దరికీ కబురు పెట్టారు. తమ మధ్య పోటీ ఆపేసి, దాన్ని తెచ్చి మా ఇంట్లో పెట్టారు.

నాన్న అలవాటు కొద్దీ ఐదు నిమిషాలు ముందే వెళ్లాడు. ఆఫీసు బయట బల్ల మీద మామయ్య అప్పటికే కూర్చుని ఉన్నాడు. నాన్న కాసేపు నిలబడి, ఇక తప్పక ఆ బల్ల మీదే ఓ చివర కూర్చున్నాడు.

"ఎంత చెబుతావురా?" అని అడిగాడు. నాలుగేళ్లలో అదే మొదటి మాట.

"నువ్వెంత చెబితే అంతే బావా. పాత జీతం కంటే పైసా తగ్గొద్దు."

విడివిడిగా లోపలికి వెళ్లి ఇద్దరూ పాత జీతమే చెప్పారు. ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చున్న ఓనర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరినీ కలిపి మళ్లీ లోపలికి పిలిచారు.

"ఇద్దరూ కుమ్మక్కై మమ్మల్నే దోచుకుందామనుకున్నారా? సిగ్గులేదూ?" అని కసిరాడు తెల్ల బస్సు ఓనరు.

ఆ సీటు సగం జీతానికి ఇంకెవరికో ఇచ్చారు.

ఆ మధ్యాహ్నం నాన్న మామయ్యను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. అన్నం వడ్డిస్తున్న అమ్మ, బల్ల మీద జరిగిన మాట విని గరిటె నేలకేసి కొట్టింది.

"ఇదే మాట నాలుగేళ్ల కిందట అనుకోవడానికి మీకేం రోగం వచ్చింది? నా మేనకోడలికి నేనెవరో తెలీదు!"

 మామయ్య లేచి, ఆ గరిటె తీసి కడిగి తెచ్చాడు.