సినిమా దొర, చెనక్కాయల దొర, మా నాన్న జుట్టు

ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరుగానీ, ఆ రోజుల్లో మనుషులు పోట్లాడుకోవడానికి ఊళ్ళో ఉన్న కారణాలు చాలక వేరే ఖండం నుంచి కూడా తెప్పించుకునేవాళ్ళు. వాయిదాపడ్డ పెళ్ళిళ్ళు మీరు చాలానే చూసి ఉంటారు. జాతకాలు కుదరక, వానలు ముంచెత్తి, ముహూర్తం ముందర ఎవరో పెద్దాయన కన్నుమూసి. అమెరికా అధ్యక్షుడి ఎన్నిక వల్ల ఆగిపోయిన పెళ్ళి మాత్రం తిరువళ్ళూరుకీ తిరుత్తణికీ మధ్య, నాకు తెలిసి, ఒక్కటే. అది నాది. (నేను చెప్పే కథల్లో సగమే నిజమని మా ఆవిడ అంటుంది. ఇది ఆ సగంలోది.)

మా నాన్న తిరువళ్ళూరు శివార్లలో ఒక టూరింగ్ టాకీసులో ఆపరేటరు. డేరా వెనక చిన్న గదిలో, మనిషిని ఉడకబెట్టే ఆ వేడిలో, రీళ్ళు మారుస్తూ సగం జీవితం గడిపినవాడు. హీరోలందరినీ తెరమీద నిలబెట్టింది తానేననీ, తన చెయ్యి వణికితే వాళ్ళూ వణుకుతారనీ ఆయన గట్టి నమ్మకం. అందుకేనేమో జుట్టు విషయంలో కూడా హీరోలతో పోటీపడి వారానికోసారి నల్లరంగు పట్టించేవాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. మా మామ, అంటే అమ్మకు తమ్ముడు, తిరుత్తణి పక్కన చెనక్కాయలు పండించేవాడు (వేరుశెనగను మావైపు అలాగే అంటాం). ఆయన కూతురిని నాకు చేసుకోవాలని ఆ పిల్ల పుట్టిననాడే రెండిళ్ళవాళ్ళూ అనుకున్నారట. నాకూ అభ్యంతరం లేదు. అభ్యంతరం లేదన్నది ఎంత చిన్నమాటో, ప్రతి ఆదివారం తిరుత్తణి బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వెళ్ళిన నాకే తెలుసు.

సరిగ్గా ముహూర్తం పెట్టుకుందామనుకునే వేళకు అమెరికాలో ఎన్నికలు వచ్చిపడ్డాయి. గద్దెమీద ఉన్నాయన వేరుశెనగ రైతు. ఎదురు నిలబడ్డాయన పాత సినిమా నటుడు. దేవుడు మా ఇంటికోసమే ఏరికోరి ఆ ఇద్దరినీ నిలబెట్టినట్టుంది. నేను అప్పుడే తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. అక్కడికి ఇంగ్లీషు పేపరు వచ్చేది కాబట్టి అమెరికా వార్తలకు రెండిళ్ళకూ నేనే దిక్కు. ఆదివారం మామ కళ్ళంలో గోనెపట్టా మీద కూర్చోబెట్టి "ఏం అల్లుడా, మా దొర ఎట్లుండాడు?" అంటే, "దూసుకుపోతా ఉండాడు మామా" అనేవాణ్ణి. ఇంటికి తిరిగొచ్చాక నాన్న "మనాయన ఎట్లుండాడురా?" అంటే, "ఆయన ముందర ఎవురూ నిలబడలేక ఉండారు నాన్నా" అనేవాణ్ణి. నిజానికి పేపర్లో ఉన్నది వేరు. అక్కడి జనానికి ఇద్దరిమీదా విసుగే. ఒకాయన్ను చూసి చూసి అలిసిపోయారు, ఇంకొకాయన్ను తలుచుకుంటేనే దిగులు. ఎవరికి ఓటేసినా తర్వాత తల పట్టుకోవలసిందేనని ఇంటింటా మొగుడూ పెళ్ళాలు వాదించుకుంటున్నారట. ఆ సంగతి మాత్రం మావాళ్ళెవరికీ అక్కరలేకపోయింది.

ఇద్దరికీ వేరువేరు అమెరికాలు చూపిస్తూ నేను సుఖంగా కాలం గడుపుతుండగా, ఒక అమావాస్యనాడు మామ వీరరాఘవస్వామి దర్శనానికి తిరువళ్ళూరు వచ్చాడు. దర్శనమయ్యాక మా ఇంట్లో భోజనం, భోజనమయ్యాక ముహూర్తం మాటలు అని ఏర్పాటు. పప్పు దాకా బాగానే జరిగింది. పులుసు దగ్గర మామ మొదలుపెట్టాడు.

"ఏం బావా, మీ వేషగాడు ఇంగా తిరగతానే ఉండాడా? మావోడు దూసుకుపోతా ఉండాడంటనే."

నాన్న నావైపు ఒక చూపు చూసి, "దూసుకుపోతా ఉండాడా? ఎవురు జెప్పినారు?" అన్నాడు. నేను ఆకులోని ఉప్పును శ్రద్ధగా పరిశీలించాను. "మీవోడు నాలుగేండ్లు నవ్వతా నిలబడినాడు, ఇంగేం జేసినాడు? యాడ జూసినా పెట్రోలుకి కార్లు బారు గట్టినాయంట."

"మావోడు మట్టిలో చెయ్యి బెట్టినోడు బావా. చెనక్కాయ పెరికినోడికి అబద్ధాలు రావు."

"ఓహో. అయితే గోనెసంచిలో చెనక్కాయలతోబాటు రాళ్ళు ఎవురు పోస్తా ఉండారు? అవి గూడా మట్టిలోనే కాస్తాయా?"

ఇది అమెరికా మాట కాదని అందరికీ అర్థమైంది. మామ ఆకును కాస్త ముందుకు తోశాడు. "ఇను బావా. మొదటి పెండ్లాన్ని ఇడిచిపెట్టినోడు దేశాన్ని యాడ నిలబెడతాడు? డెబ్బై ఏండ్లు వస్తా ఉంటే జుట్టు కాకి మాదిరి ఉండాదంట. మన జుట్టు రంగే మనం నిజం జెప్పకపోతే, ఇంగ ఊరికేం జెప్తాం?"

మా అమ్మ చేతిలో గరిటె గాలిలో నిలిచిపోయింది. (వీధిలో పోతున్న ఆవు కూడా ఆగి లోపలికి చూసిందని నేను తర్వాత చాలామందికి చెప్పాను. దాన్ని మీరు నమ్మక్కర్లేదు.) నాన్న ఎడమచెయ్యి తనంతట తానే తలమీదికి వెళ్ళింది. ఏదో ఒకటి చేసి ఆ మాటను దాటించాలని నేను, "ఇంగొకాయన గూడా ఉండాడు, కండ్లద్దాలాయన, ఏ పార్టీ కాదు, మంచోడంట..." అన్నాను.

"నువ్వు నోరు మూసుకో!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. ఆ ఎన్నికలు మొత్తంమీద రెండు పక్షాలూ కలిసి చేసిన తీర్మానం అదొక్కటే.

మామ పాయసం ముట్టకుండా లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "మా దొర గెలవాల. గెలిస్తే మా తిరుత్తణి కొండమీద సామికి నా జుట్టు ఇస్తా. ఆయన గెలిస్తేనే లగ్నం మాట ఎత్తేది" అన్నాడు. నాన్న ఊరుకుంటాడా? "నా జుట్టూ ఆ సామికే. మనాయన గెలిస్తేనే నా కొడుకు తాళి కట్టేది" అన్నాడు. తిరుత్తణి చుట్టుపక్కల మనిషి దేన్నయినా గట్టిగా కోరుకుంటే చివరకు జుట్టు దగ్గరికే వస్తాడు. పిల్లాడికి జ్వరం తగ్గాలన్నా, బోరులో నీళ్ళు పడాలన్నా అంతే. అమెరికాకు ఆ మర్యాద దక్కడం మాత్రం అదే మొదలు.

వాకిట్లో నిలబడి తమ్ముడు వెళ్ళిన దారి చూస్తూ అమ్మ నీరసంగా లెక్క తేల్చింది. "సినిమాయన గెలిస్తే నా తమ్ముడు పిల్లనియ్యడు. చెనక్కాయలాయన గెలిస్తే మీ నాన్న తాళి కట్టనియ్యడు. ఎవురు గెలిచినా నా బిడ్డకి పెండ్లి లేదన్న మాట." తర్వాత నావైపు తిరిగి, "ఆ కండ్లద్దాలాయన గెలిస్తే?" అంది. అప్పుడు ఇద్దరూ ఓడినట్టేగదమ్మా, ఇద్దరూ ఒప్పుకోరు అన్నాను. అమ్మ పాయసం గిన్నె తీసుకుపోయి పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది.

ఆ తర్వాతి వారాలు ఎంత బరువుగా గడిచాయో చెప్పలేను. ఇంట్లో రేడియో వార్తలొస్తే నాన్న ముఖం ఒకలా, అమ్మ ముఖం ఒకలా. పేపరును నేను చివరి పేజీ నుంచి తెరిచేవాణ్ణి. ఆదివారం తిరుత్తణి వెళ్తే మామ నన్ను చూడగానే గోనెపట్టా చుట్టి చంకన పెట్టుకుపోయాడు. ఆయన కూతురు మాత్రం కళ్ళం పక్కన కాయలు ఎండబోస్తూ నావైపు చూడకుండానే అడిగింది.

"బావా, అమెరికాలో ఆడోళ్ళకి ఓటుండాదా?"

"ఉండాది."

"వాళ్ళేమంటా ఉండారు?"

"వాళ్ళకీ ఇద్దరిమీదా ఇసుగ్గా ఉండాదంట."

"అయితే మన మాదిరోళ్ళే" అని, కాయలు తిరగేస్తూ, "శోళవరం నుంచి ఒక సంబంధం వచ్చిండాది. చెరువు కింద మడి. వాళ్ళకి అమెరికా యాడుండాదో గూడా తెలీదంట. అదే మేలంటా ఉండాడు నాయిన" అంది. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు, వట్టి అలసట. "నువ్వు ఇంగ ఆ పేపరు చదివింది చాలు బావా." తిరిగొచ్చేటప్పుడు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నేను నిలబడే వచ్చాను.

దీపావళికి ముందు ఒక పొద్దున రేడియోలో ఫలితం వచ్చింది. సినిమా దొర గెలిచాడు, అదీ మామూలుగా కాదు, ఎదుటివాణ్ణి ఊడ్చేసి. నాన్న లేచి నిలబడి, టాకీసులో హీరో ఎంట్రీకి జనం వేసినట్టు ఒక ఈల వేశాడు. రెండో ఈల సగంలో ఆగిపోయింది. చెయ్యి తలమీదికి వెళ్ళింది. పందెంలో అయితే ఓడినవాడి తల గొరుగుతారు, మొక్కులో గెలిచినవాడి తల గొరుగుతారు. ఆ తేడా ఆయనకు అప్పుడు తట్టింది. "ఇంగా గద్దె ఎక్కలేదుగదా, ఎక్కినాక జూస్తాం" అని నసిగాడు. "సామి దగ్గిర వాయిదాలు కుదరవు" అని అమ్మ చొక్కా తెచ్చి చేతికిచ్చింది. నన్ను తోడు పొమ్మంది.

తిరుత్తణి బస్టాండులో దిగేసరికి మామ ఎదురుగా నిలబడి ఉన్నాడు. పక్కన మూత పెట్టిన గిన్నెతో కూతురు. "గెలిచినోడికి గుండు గొట్టేది చూడాల గదా, అందుకే వచ్చినాం" అన్నాడు మామ. నాన్న తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. నలుగురం కొండ మెట్లెక్కాం. దారిలో నేను మెల్లగా గిన్నె మూత తీసి చూశాను. తీసిన గంధం, గొరిగిన తలకు పూసేందుకు. "ఇంత ఎందుకు?" అంటే, "చూస్తా ఉండు బావా" అంది.

కల్యాణకట్టలో మంగలాయన నాన్న తల తడుపుతూ, "ఏం మొక్కు సామీ?" అన్నాడు.

"అమెరికాలో మనాయన గెలిచినాడు."

"గెలిచినాయన గొరిగించుకున్నాడా ఆడ?"

"లే."

"మరి మీకేంటికి సామీ?"

నాన్న తల ఇంకాస్త వంచాడు. కత్తి ఆడింది. నల్లటి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఒళ్ళో పడింది. ప్రతి కుచ్చుకూ మొదట్లో తెల్లగా ఒక గీత. తల బయటపడేకొద్దీ నాన్న చిన్నవాడైపోతున్నట్టుంది. డేరా వెనక గదిలో వేడికి కమిలిన చెవులు, బక్కచిక్కిన మెడ, నేను ఎన్నడూ చూడని ఒక ముసలాయన. నవ్వడానికి సిద్ధంగా నిలబడ్డ మామ నవ్వలేదు. ఒక అడుగు ముందుకేశాడు.

"బావా, ఇట్ల గుండుతో పెండ్లిలో నిలబడితే, చూసినోళ్ళు మీ ఇంట్లో ఎవురో పొయినారనుకుంటారే."

నాన్న కళ్ళు తెరవలేదు. "ఎవురి పెండ్లిలో?"

"ఎవురి పెండ్లేంది? నీ కొడుకు పెండ్లే. కార్తీకంలో బెట్టుకుందామనుకొంటిమిగదా. ఆలోపల జుట్టు యాడొస్తుంది?"

"శోళవరమోళ్ళు?"

"రావద్దని చెప్పేసినా." మామ పక్కచూపులు చూశాడు. "మొన్న పొయ్యి కూర్చున్యా బావా. ఆ పెద్దాయన దేనికైనా సరి సరి అంటాడు. మా దొర మంచోడంటే సరి. మీ వేషగాడు మంచోడంటే, దానికీ సరి. వానలే పడలేదంటే గూడా సరే. అట్లాటోడి పక్కన పీట మీద కూర్చొని నేనేం మాట్లాడేది? రేపు బిడ్డ ఇంటికి పోతే, పోట్లాడేకి మనిషుండొద్దా?"

నాన్న అప్పుడు కళ్ళు తెరిచాడు. మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, రెండో మంగలాయన ముందు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. "ఒక్కడికే గుండుంటే మైల అనుకుంటారు. ఇద్దరికీ ఉంటే కొండకి పొయ్యొచ్చినారనుకుంటారు. గొరుగప్పా" అన్నాడు.

"నీ దొర ఓడిపొయినాడు గదరా. దేనికని మొక్కు?"

"వచ్చే ఎలక్షన్‌కి అడ్వాన్సు."

నాన్న నవ్వడం మొదలుపెడితే, కత్తి తగులుతుందని మంగలాయన ఇద్దరినీ కసిరాడు. మామ కూతురు గిన్నె మూత తీసి ముందు మా నాన్న తలకు, తర్వాత తన నాయిన తలకు గంధం పూసింది. గిన్నె అడుగున ఏమీ మిగల్లేదు. మెట్లు దిగుతుండగా ఆ రెండు పచ్చని తలలూ మా ముందు నడుస్తూ, ఓడిపోయిన దొర ఇప్పుడు మళ్ళీ చెనక్కాయలు వేస్తాడా వెయ్యడా అన్నదానిమీద గొంతులు పెంచుకున్నాయి. కార్తీకంలో మా పెళ్ళయింది. పందిట్లో ఎవరు పోయారని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. నాకూ ఎన్నికలంటే ఓపిక తగ్గింది. ఎవరైనా "మీ ఓటు ఎవరికండీ?" అంటే నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంటాను. అయినా, మొన్న రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి నేను చెప్పిన ప్రతి మాటకూ "ఔనౌను" అని తలూపుతూ వచ్చాడు. నేను కావాలని మాట తిప్పినా ఊపాడు. అంత నీరసం నాకు ఈ మధ్య రాలేదు. ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే, "మీ నాయినకి రాజకీయం ఏమీ తెలీదు" అన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి కొంగు నడుముకు దోపుకుంది. "ఏం తెలీదంటావు?"

హమ్మయ్య అనుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.