తేమ మరవని మక్కకుప్పలు

కొత్తగూడ అడవిలోని ఓ తండాలో పుట్టిన సంగీతకు మొండితనం పుట్టుకతోనే వచ్చింది. డిప్లొమా చదివేటప్పుడు పాఠం అర్థమయ్యేదాకా మాస్టర్లను వదిలేది కాదు. ఇప్పుడు కేసముద్రం వైపు రైతులే నడుపుకునే ఓ మక్కల, అంటే మొక్కజొన్నల, కొనుగోలు కేంద్రంలో కంప్యూటర్ ఆమె చేతిలో ఉంది. అందులోని ప్రోగ్రాం కూడా ఆమె రాసిందే. అందుకే ఆ రోజు తిట్లన్నీ ఆమెకే వచ్చాయి.

పద్ధతి చిన్నదే. ప్రతి కుప్పకూ ప్రోగ్రాంలో ఒక చీటీ లాంటిది ఉంటుంది. నీ తేమ ఎంత అని అడిగితే, మిషన్ కొలిచిన ఐదు నమూనాల అంకెలను హైదరాబాద్‌లోని పెద్ద కంప్యూటర్‌కు పంపి, లెక్క తెప్పించి చెబుతుంది. ఒక్కో జవాబుకు ఆరు సెకన్లు. బాగా ఎండిన కుప్పల్ని ముందు పెట్టి, బయటి బోర్డు మీద రైతు పేరు చూపి వరుసగా కాంటాకు పిలుస్తుంది. తేమ పద్నాలుగు శాతం దాటితే పిలుపు లేదు.

ఇరవై కుప్పలప్పుడు బాగానే నడిచింది. ఆ రోజు నూట ఎనభై వచ్చిపడ్డాయి. సాయంత్రానికి వాన అన్నారు. తూకమైతేనే మక్కలు లారీ ఎక్కుతాయి, లేకపోతే నేల మీదే నానిపోతాయి. తెర మీద మాత్రం గంట నుంచి చక్రం తిరుగుతూనే ఉంది.

"ఏందమ్మా గిది? హమాలీలు ఊకె కూసున్నరు!" కేంద్రం పెద్ద బిక్షపతి గుమ్మంలోంచి అరిచాడు.

"జర ఆగు బాపు, చూస్తున్న."

చూస్తే సిగ్గేసింది. కుప్పను కుప్పతో పోల్చిన ప్రతిసారీ, తెర మీద చూపిన ప్రతిసారీ, టోకెన్ కొట్టిన ప్రతిసారీ ప్రోగ్రాం అదే తేమను మళ్లీ అడుగుతోంది. ఇంటికొచ్చిన చుట్టాన్ని పూటకు పదిసార్లు పేరడిగినట్టుంది! నాలుగు లైన్లు రాసింది. మొదటిసారి వచ్చిన జవాబును ఆ కుప్ప చీటీ మీదే రాసుకోవాలి, ఆ తర్వాత అడిగితే అదే చదివి చెప్పాలి. అంతే, బోర్డు మీద పేర్లు పరుగందుకున్నాయి. హమాలీలకు నీళ్లు తాగే తీరిక లేకుండా పోయింది.

మధ్యాహ్నం దాటాక చంద్రి అనే రైతు కోపంగా వచ్చింది. పొద్దున ఆమె మక్కలు పదిహేడు చూపించాయి. సిమెంటు గచ్చు మీద ఆరబోసి, కాళ్లతో తిరగేస్తూ ఎండబెట్టి, మళ్లీ కొలిపించింది. బోర్డు ఇంకా పదిహేడే అంటోంది.

"నీ డబ్బకు ఏమెర్క బిడ్డా? కొరికి చూడు!" అంటూ నాలుగు గింజలు సంగీత చేతిలో పోసింది.

సంగీత కొరికింది. కటుక్కుమంది. తడి గింజ అలా పలకదు. ప్రోగ్రాంకు గుర్తుంచుకోవడం నేర్పింది కానీ, ఎప్పుడు మరిచిపోవాలో నేర్పలేదు. గచ్చు మీద ఇంకా ముప్పై కుప్పలు అలాగే ఎండి, పిలుపు లేక పడున్నాయి. పడమట మబ్బు నల్లబడింది.

"తప్పు నాదే అక్కా. రెండు నిమిషాలు."

కొత్త నమూనా రాగానే ఆ ఒక్క కుప్ప పాత జవాబును చెరిపేయాలి. మిగతావి కదపొద్దు. గబగబా రాసి, నడిపించింది. బోర్డు ఒక్కసారి ఆరి వెలిగింది. చంద్రి, పదమూడు. ఆ వెనకే ముప్పై పేర్లు.

"ఉరుకుండ్రి!" బిక్షపతి కేక యార్డంతా మోగింది. రైతులు కూడా బస్తాలకు భుజం పట్టారు.

చివరి లారీకి తాడు బిగిస్తుండగా మొదటి చినుకు పడింది. సంగీత ఆనందం పట్టలేక గదిలోంచి బయటికి పరుగెత్తింది. వాన దంచికొట్టింది. తడవడానికి గచ్చు మీద ఒక్క గింజ మిగల్లేదు.