మూడు రోజుల నౌకరీ

ఎనభైల చివర్లో ఒక ఏడు సాగర్ కాలువకు నీళ్ళు సరిగా రాలేదు. మిర్యాలగూడలో నేను పనిచేసే రైస్ మిల్లుకు వడ్లు తగ్గాయి. సేటు ఎవరినీ తీసెయ్యలేదు. అందరికీ వారంలో మూడు రోజులే పని, సగం జీతం అన్నాడు. అందరూ దాన్ని దయ అనుకున్నారు. నేను బీకాం చదివినవాణ్ణి కనుక కొంచెం ఆలస్యంగా అనుకున్నాను.

బస్తాలు తూచే కాంటా దగ్గర ఇద్దరం, నేనూ ఒక పెద్దాయనా. సోమ, మంగళ, బుధవారాలు ఆయన. మిగతా మూడు రోజులు నేను. ఆయనకు యాభై దాటాయి. గరిడేపల్లి నుంచి బస్సులో వచ్చేవాడు. బస్తా ఎత్తుతూ హమాలీ మూలిగే తీరును బట్టి బరువు చెప్పేవాడు. కాంటా ఆ తర్వాత ఒప్పుకునేది. ఇక్కడ పని పోతే ఈ వయసులో ఇంకే మిల్లూ తీసుకోదని ఆయన భయం.

"కాలువ పారేదాక ఎట్లనన్న ఈ మూడు దినాలు కాపాడుకోవాలె తమ్మీ" అనేవాడు.

ఖాళీ రోజుల్లో ఇంట్లో కూర్చోలేక కోదాడలో బామ్మర్ది కిరాణా కొట్టుకు పోయి పప్పులు తూచేవాడు. కూలి లేదు, ఒక పూట భోజనం పెట్టేవాళ్ళు.

ఒక శుక్రవారం సేటు కాంటా దగ్గర ఆగి, "మీ పెద్దాయన మిగతా దినాలు ఏం చేస్తుండు?" అని అడిగాడు.

"ఆయనకేంది సేట్! కోదాడల కొట్టు పెట్టిండు. రేపో మాపో మనమే పోయి నౌకరీ అడగాలె" అన్నాను.

హమాలీలు నవ్వారు. సేటూ నవ్వాడు. నా మాట పండిందని నేనూ సంతోషించాను.

సోమవారం ఆయన్ని గేటు దగ్గరే ఆపేశారు. చేతిలో టిఫిన్ డబ్బాతో నేరుగా నా గదికి వచ్చాడు.

"నాకు కొట్టున్నదని సేటుకు ఎవడో చెప్పిండు తమ్మీ. నువ్వు సదువుకున్నోనివి, జర పోయి చెప్పు."

పోయాను. అది నేను నవ్వులాటకు అన్న మాటని చెప్పాను. సేటు శ్రద్ధగా విన్నాడు, చెడ్డవాడేమీ కాదు.

"ఎట్లైనా కాంటాకు ఒక్కడు చాలు. సరే, ఆయన్నే ఉంచుత. నువ్వు పోతవా?"

సేటుకు దండం పెట్టి బయటికి వచ్చాను.

గేటు బయట ఆయన నిలబడే ఉన్నాడు. "ఏమన్నడు?"

"సూద్దామన్నడే."

"సూద్దామన్నడా? గట్లయితే అయితదిలే" అంటూ బస్టాండు వైపు వెళ్ళాడు.

మర్నాటి నుంచి నాకు ఆరు రోజులూ పని. ఆయన మరో రెండు సోమవారాలు వచ్చి, గేటు అవతల నుంచే, "సేటు ఏమన్న సూసిండా తమ్మీ?" అని అడిగాడు. ఇంకా చూస్తున్నాడన్నాను. మూడో సోమవారం బస్సులు మామూలుగానే తిరిగాయి, ఆయన రాలేదు.