పాతర మీది మట్టికుప్ప

మొన్న కట్టంగూరు దగ్గరి మా ఊళ్లో మనవడు ఇల్లు కట్టుకుంటానంటే, మోకాళ్ల నొప్పులు మరిచి నేనూ కారెక్కాను. పాత పెరట్లో పునాదులు తవ్వుతున్న జేసీబీ కింద మన్ను జారి, కడవ కడుపులా గుండ్రటి గుంట ఒకటి బయటపడింది. ఇదేం బావి నానమ్మా అని మనవడు నవ్వాడు. నా ఈడువాళ్లు ఎవరైనా అక్కడ ఉంటే నవ్వేవారు కాదు. అది మా జొన్నల పాతర.

మీకు నేను చెప్పేదేముంది గానీ, పక్కన పిల్లలుంటే చదివి వినిపించండి. నిలువెత్తు గుంట తవ్వి, లోపల మంట వేసి గోడలు ఆరబెట్టి, గడ్డి పరిచి జొన్నలు పోసి, బండతో మూసి మట్టి మెత్తి, ఆపైన వాన నీళ్లు పక్కలకు జారిపోయేలా ఎద్దు మూపురమంత మట్టికుప్ప పోసేవారు. మా తాత పోయాక ఆ కుప్ప పని అవ్వది, అంటే మా బాపు తల్లిది అయింది. ఇంకొకర్ని చెయ్యి పెట్టనిచ్చేది కాదు, అంత పట్టుదల మనిషి.

నిజాం రాజ్యంలో అది ఆఖరి ఎండాకాలం, నాకు తొమ్మిదేళ్లు. తుపాకుల మూకలు పక్క ఊళ్లలో ఇళ్లు తగలబెట్టి గింజలన్నీ ఎత్తుకుపోతున్నాయని విని, ఊరంతా సరిహద్దు దాటిపోదామనుకుంది. బండిలో మనుషులకే జాగా లేదు, ఇక జొన్నలకెక్కడిది? మా తిండికీ, పైరుకు విత్తనానికీ అవే దిక్కు. బయల్దేరే పొద్దున అవ్వ పాతర దగ్గర నిలబడి, "గీ కుప్ప జూస్తే దొంగలకు జాడ జెప్పినట్టే గదరా, సదును చెయ్యుండ్రి" అంది. వానొస్తే ఎట్లని బాపు నసిగాడు. వానలకు ముందే వస్తమని అవ్వ తేల్చేసింది. బాపు పార పట్టాడు, అమ్మ అలికింది, నేను దానిమీద చెత్తా పేడా చల్లి, ఎంత గొప్ప పని చేశానో అని మురిసిపోయాను.

వానలకు ముందు రాలేకపోయాం. పరాయి చోట పాకల్లో నాలుగు నెలలు గడిపి, నిజాం దిగిపోయాడన్న కబురు అందాక, బతుకమ్మ పండుగకు ముందు ఇల్లు చేరాం. కప్పు కాలిపోయింది గానీ పెరడు ఎవరూ తవ్వలేదు. అది చూసి అవ్వ ముఖం ఎంత వెలిగిందో నాకింకా గుర్తే. మూత తీశాక లోపలి విషగాలి పోయేదాకా దిగకుండా ఒక పూట ఆగడం రివాజు, కానీ బండ కదిలించగానే వచ్చిన పులిసిన వాసనతోనే అందరికీ తెలిసిపోయింది. నీళ్లు దిగి జొన్నలన్నీ నల్లటి ముద్దయ్యాయి. బాపు గంప ఎత్తినప్పుడల్లా, "అడుగున మంచిగుంటయేమో జూడురా" అని అవ్వ అంటూనే ఉంది. అడుగు తగిలేదాకా అంటూనే ఉంది.

రేగడి చేను అప్పుడు సరిగ్గా విత్తడానికి చాలినంత తడితో పదును మీదుంది. బాపు విత్తనాలకోసం చుట్టాల ఊళ్లన్నీ తిరిగాడు, అందరిదీ మా గతే. రోజూ చేనుకు పోయి గుప్పెడు మన్ను పిసికి చూసి వచ్చేవాడు. కళ్ల ముందే నేల ఆరిపోతుంటే విత్తనం లేని రైతు ఏం చేయగలడు? ఒకనాడు గడపలో కూలబడి, "పదును పోయిందే అవ్వా" అన్నాడు. ఆ ఏడు చేను బీడుపడింది, మేం కూలికిపోయి బతికాం.

ఇప్పుడు మా ఇంటికి ఫోన్ చేస్తే బియ్యం సంచి వస్తుంది. ఏడాది గింజల దిగులు మనవళ్లకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. అవ్వ మాత్రం ఆ దిగులుతోనే పోయింది. ఆఖరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, "కుప్ప ఉంచితే దొంగలు, తీస్తే వాన. సదువుకున్నదానివి, నువ్వైతే ఏం జేద్దువే బిడ్డా?" అని అడిగింది. నీ తప్పేం లేదవ్వా అన్నాను గానీ, ఆమె అడిగింది అది కాదు. నేనిప్పుడు అప్పటి అవ్వకంటే ముసలిదాన్ని, మొన్న ఆ గుంట అంచున నిలబడి కుప్ప ఉంచాలో తీయాలో మళ్లీ లెక్కేసుకున్నాను.